నంది కొండ కింద ఊరు

(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ఆదివారం పూట పిల్లల్ని కూడా తీసుకొచ్చినవాళ్లకు మరీ నమస్కారం.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో నంది కొండకి వెళ్లనివాళ్లు ఎవరున్నారు? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు... అంతే. బెంగళూరులో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం, వచ్చిన మొదటి ఏడాదిలోనే తెల్లవారుజామున నాలుగింటికి కారో బైకో వేసుకుని, కొండ మీద సూర్యోదయం చూసి, వేడి వేడి మ్యాగీ తిని వచ్చేశాం. సరే. ఇప్పుడు రెండో ప్రశ్న. కొండ కింద నంది అనే ఊరు ఉంది. ఆ ఊళ్లోకి వెళ్లినవాళ్లు ఎంతమంది? చూశారా, చేతులు ఎలా తగ్గిపోయాయో. వెనకాల ఒకమ్మ ఎత్తారు. సంతోషం అమ్మా.

నేను ఈరోజు మాట్లాడేది ఆ ఊరి గురించి. కొండ గురించి కాదు, ఊరి గురించి. చిన్న ఊరు. నాలుగు వీధులు, ఒక గుడి, ఒక కోనేరు, చుట్టూ పొలాలు, కొంచెం అవతల ఒక పాత రైల్వే స్టేషను. చిక్కబళ్లాపురం తాలూకా, చిక్కబళ్లాపురం జిల్లా. 2007 దాకా ఇదంతా కోలారు జిల్లాలో ఉండేది. ఇక్కడి నుంచి అరవై కిలోమీటర్లు ఉంటుంది. ఇంత చిన్న ఊరి గురించి గంటసేపు ఏం చెబుతారండీ అని బయట ఒకాయన అడిగారు. గంట చాలదేమో అని నా భయం.

నేల దగ్గర మొదలుపెడతాను. చరిత్ర తర్వాత. నేల అర్థమైతే చరిత్ర దానంతట అదే అర్థమవుతుంది.

నంది కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. దాని చుట్టూ చెన్నగిరి, బ్రహ్మగిరి, స్కందగిరి అని ఇంకొన్ని కొండలున్నాయి. రాత్రిపూట ట్రెకింగ్‌కి మన పిల్లలు వెళ్లేది ఆ స్కందగిరికే. అంతా పాత రాయి, వందల కోట్ల ఏళ్ల నాటి రాయి. హిమాలయాలు పుట్టకముందే ముసలిదైపోయిన రాయి. వాన పడితే అందులో ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. ఆ జారిన నీళ్లు ఎటు పోతాయి? ఇక్కడే అసలు సంగతి ఉంది, కాస్త శ్రద్ధగా వినండి.

ఉత్తరం వైపు జారిన నీళ్లు పెన్న అవుతాయి. మన పెన్న. ఉత్తర పినాకిని. నందికి ఆనుకున్న చెన్నకేశవ కొండలో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు మన సీమలోకి వచ్చి, తాడిపత్రి దాటి, గండికోట దగ్గర కొండని కోసుకుంటూ వెళ్లి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పుష్పగిరి, సోమశిల, నెల్లూరు, అక్కడి నుంచి సముద్రం. మొత్తం 597 కిలోమీటర్లు. ఇందాక నెల్లూరు నుంచి వచ్చామని చెప్పిన దంపతులు ఎక్కడ కూర్చున్నారు? అదిగో. మీ రంగనాయకుల గుడి వెనక పారే నీళ్లకి మొదలు ఇక్కడుంది. తిక్కన సోమయాజి భారతం చెప్పింది ఆ నది ఒడ్డున ఉన్న ఊళ్లో. 1921లో గాంధీగారు నెల్లూరు పక్కన పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించారు. దానికి పినాకిని సత్యాగ్రహాశ్రమం అని పేరు. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ మీరంతా ఎక్కే ఉంటారు. ఆ పేరు మొదలయ్యేది మాత్రం మనం మ్యాగీ తిని వచ్చేసిన చోట.

అదే కొండల నుంచి దక్షిణానికి జారిన నీళ్లు దక్షిణ పినాకిని. హోస్కోట మీదుగా, హోసూరు మీదుగా, కృష్ణగిరి మీదుగా తమిళనాట సాతనూరు ఆనకట్టకి వెళ్లి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల తూర్పున మొదలయ్యేది పాలారు. కోలారు దాటి, మన కుప్పం నేల మీద కొంచెం నడిచి, వేలూరు, కాంచీపురం వైపు పోతుంది. నైరుతికి వెళ్లేది అర్కావతి. హెసరఘట్ట, తిప్పగొండనహళ్లి, రామనగరం దాటి కావేరిలో కలుస్తుంది. ఇంకా చిత్రావతి ఉంది, బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి వెళ్లేది. పాపఘ్ని ఉంది, శిడ్లఘట్ట వైపు పుట్టి కమలాపురం దగ్గర పెన్నలో కలిసేది. చిత్రావతి కూడా చివరికి గండికోట దగ్గర పెన్నలోకే చేరుతుంది.

లెక్కపెట్టండి. పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపఘ్ని. ఒక కారు మధ్యాహ్నంలోగా చుట్టి రాగలిగిన ప్రాంతంలో ఆరు నదులు పుడుతున్నాయి. మూడు రాష్ట్రాలకు వెళుతున్నాయి. ఇల్లు కప్పితే వెన్నుగాడి మీద పడ్డ చినుకు రెండు పక్కలకీ జారినట్టు, ఈ కొండల వరస దక్షిణాదికి వెన్నుగాడిలా నిలబడింది.

1892లో మద్రాసు ప్రభుత్వానికీ మైసూరు సంస్థానానికీ నీళ్ల మీద ఒప్పందం జరిగింది. మద్రాసు ఒప్పుకోకుండా మైసూరు కొత్త ఆనకట్టలు కట్టకూడని నదులేవి అని ఒక జాబితా వేశారు. పదిహేను పెద్ద నదులు. అందులో పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, దక్షిణ పినాకిని ఉన్నాయి. పదిహేనింటిలో ఐదు ఈ చుట్టుపక్కలవే! తుంగభద్ర, కావేరి లాంటి మహానదుల సరసన ఏడాదిలో సగం రోజులు ఇసుక కనబడే ఈ ఏర్ల పేర్లు రాసుకున్నారంటే, కింద ఉన్నవాళ్లకు వాటి మీద ఎంత ఆశ ఉందో చూడండి. ఆ గొడవలు ఈనాటికీ తెగలేదు. దక్షిణ పినాకిని మీద కర్ణాటక, తమిళనాడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. పాలారు మీద మూడు రాష్ట్రాలకీ పేచీలున్నాయి.

సరే, ఇప్పుడు గుడికి వద్దాం. ఊరి మధ్యలో ఉంటుంది, భోగనందీశ్వరుడి గుడి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

ఆ గుడి ఎప్పటిది? 806 నాటి తామ్రశాసనం, అంటే రాగి రేకుల మీద చెక్కిన శాసనం ఉంది, రాష్ట్రకూట మూడో గోవిందుడి కాలానిది. అప్పటికే అక్కడ శివాలయం ఉంది. దాన్ని కట్టించినది రత్నావళి అనే రాణి, బాణ వంశపు రాజు భార్య. 806 అంటే ఎంత వెనకో ఊహించండి. తంజావూరు పెద్ద గుడి పూర్తయింది 1010లో, రెండు వందల ఏళ్లు తర్వాత. మన నన్నయ భారతం మొదలుపెట్టింది ఇంకా తర్వాత. కెంపేగౌడ ఈ బెంగళూరు కోట కట్టింది 1537లో. మనం ఊరు ఊరంటున్న ఈ మహానగరం పుట్టడానికి ఏడు వందల ఏళ్ల ముందే నందిలో ఒక రాణి గుడి కట్టించింది. మళ్లీ చెబుతున్నాను, రాణి. రాజు కాదు. గుడి ఎవరు కట్టించారని అడిగితే రాజుల పేర్లే చెప్పడం అలవాటైపోయింది మనకి.

బాణులు ఎవరు? కోలారు, చిత్తూరు ప్రాంతాల్లో పాలించినవాళ్లు. ఒక పక్క తెలుగు నేల, ఒక పక్క కన్నడ నేల, ఇంకో పక్క తమిళ నేల, ఆ మూడూ కలిసే చోట ఉన్నవాళ్లు. తర్వాత ఈ ప్రాంతాన్నే ఏలిన నొలంబ రాజుల శాసనాలు కూడా నందిలో ఉన్నాయి. నొలంబుల రాజధాని హేమావతి. ఎక్కడుంది? అనంతపురం సీమలో, మడకశిర దగ్గర. ఇక్కడ అనంతపురం వాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. మీరు హేమావతి చూసి ఉంటే, నందిలో ఆ నున్నటి స్తంభాలు చూడగానే గుర్తుపట్టేస్తారు.

ఆ తర్వాత 1004 ప్రాంతంలో చోళులు వచ్చి, అప్పటిదాకా ఇక్కడ ఏలిన గంగరాజుల రాజ్యాన్ని గెలుచుకున్నారు. కోలారు సీమకి నికరిలి చోళమండలం అని పేరు పెట్టారు. నంది గుడిలో చోళుల పని చాలా ఉంది. అక్కడ ఒక రాజు శిల్పం ఉంది, రాజేంద్ర చోళుడిదని చెబుతారు. గుడి అంటున్నాను గానీ, నిజానికి అవి రెండు గుళ్లు, పక్కపక్కనే. దక్షిణం వైపు అరుణాచలేశ్వరుడు, ఉత్తరం వైపు భోగనందీశ్వరుడు. రెండూ ఒకే పోలికలో ఉంటాయి, ఒక్కోదాని ముందు ఒక్కో నంది. రెండింటి మధ్యలో తర్వాతి కాలంలో హొయసళులు ఉమామహేశ్వరుల చిన్న గుడి ఇమిడ్చారు. దాని ముందు కల్యాణ మంటపం ఉంది. అబ్బా, ఆ మంటపం!

నాలుగు స్తంభాలు, నల్లరాయి. చుట్టూ ఉన్నదంతా బూడిదరంగు రాయి, మధ్యలో ఈ నాలుగూ నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. శివపార్వతులు, బ్రహ్మా సరస్వతి, విష్ణువూ లక్ష్మి, అగ్నీ స్వాహాదేవి, దంపతులు దంపతులుగా చెక్కారు. పెళ్లి మంటపం కదా మరి, వచ్చినవాళ్లంతా జంటగానే వచ్చారు. తీగలు, తీగల మధ్య చిలకలు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు చిలకల్ని వెతకమనండి, అరగంట కదలరు. బయట గోడల్లో రాతి కిటికీలు ఉన్నాయి. రాయినే జల్లెడలా తొలిచి, అందులో నాట్యం చేసే శివుడు, మహిషుడి తల మీద నిలబడ్డ దుర్గ. వెలుగు లోపలికి రావాలి, బొమ్మ బయటికి కనబడాలి, రెండూ ఒక్క రాయితో.

అరుణాచలేశ్వరుడిది బాల్యం అంటారు అక్కడివాళ్లు, భోగనందీశ్వరుడిది యవ్వనం, కొండ మీద ఉన్న యోగనందీశ్వరుడిది వైరాగ్యం. అందుకే కొండ మీద వేడుకలుండవు. పండగంతా కిందే. శివరాత్రికి రెండు రథాలు లాగుతారు నందిలో, జోడు తేర్లు. దానితో పాటు పశువుల జాతర. పైకి వెళ్లినవాళ్లు యోగం చూసి వచ్చారు, భోగం చూడలేదు మరి!

విజయనగరం కాలంలో కోనేరు కట్టారు. శృంగి తీర్థం అంటారు. గుడి పక్కనే ఇంకో ఆవరణలో ఉంటుంది, చుట్టూ మెట్లు, నాలుగు వైపులా మంటపం. పినాకిని పుట్టింది ఇక్కడే అని స్థలపురాణం. భౌగోళికంగా పెన్న మొదలు చెన్నకేశవ కొండలో అని ఇందాకే చెప్పాను. కానీ ఆ ఊరివాళ్లు నదిని కొండలో వదిలెయ్యకుండా తమ కోనేట్లోకి తెచ్చుకున్నారు, రోజూ దణ్ణం పెట్టుకునేలా. నాకు ఆ పురాణం మీద గౌరవం.

మొత్తం మీద ఒకే ప్రాకారంలో బాణులు, నొలంబులు, గంగులు, చోళులు, హొయసళులు, విజయనగరం. ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు పడగొట్టలేదు. పక్కన కట్టారు, మధ్యలో కట్టారు, ముందు కట్టారు. మూడు భాషల రాజులు.

ఇప్పుడు కొండ మీదికి ఒక్కసారి వెళ్లి వద్దాం, త్వరగా. చిక్కబళ్లాపురం పాలెగాళ్ల చేతిలో ఉన్న కోటని హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ గట్టిపరిచారు. 1791 అక్టోబరులో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం మూడు వారాలు ముట్టడించి పట్టుకుంది. తర్వాత మైసూరుని పాలించిన బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్ అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు, మన కబ్బన్ పార్కు పేరు ఆయనదే. 1986లో దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సమావేశాలు బెంగళూరులో జరిగినప్పుడు దేశాధినేతల్ని అక్కడికి తీసుకెళ్లారు. కొండ కథ మనకు పుస్తకాల్లో దొరుకుతుంది, బోర్డుల మీద దొరుకుతుంది. కొండ మీదికి వెళ్లినవాళ్లంతా భయంతోనో, ఎండకు తట్టుకోలేకనో వెళ్లినవాళ్లు. అక్కడ ఏళ్ల తరబడి కాపురం ఉన్నవాళ్లు తక్కువ. కాపురం ఉన్నది కింద. సైన్యాలకు గడ్డీ గింజా ఇచ్చింది కింద ఉన్న ఊళ్లే.

ఆ కింది ఊళ్లలో ఇంకో పేరు చెబితే మీరంతా కూర్చున్న చోట సర్దుకుంటారు. ముద్దేనహళ్లి. నంది పక్కనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు, 1861లో. వాళ్ల పెద్దలది గిద్దలూరు వైపు ఉన్న మోక్షగుండం. తరాల కిందట ఇటు వలస వచ్చారు, ఇంటి పేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు. చదువు చిక్కబళ్లాపురంలో మొదలై బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వచ్చింది. హైదరాబాద్ వాళ్లు ఉన్నారా? 1908లో మూసీ వరదలు వచ్చాక మీ ఊరిని ఎలా కాపాడాలో ఆలోచించి చెప్పింది ఆయనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన లోంచి వచ్చినవే. నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, నీళ్ల గురించి అంతగా ఆలోచించిన మనిషి ఈ వెన్నుగాడి కిందే పుట్టాడంటే ఆశ్చర్యం ఏముంది? వాన పడ్డ గంటకే ఏరు పారి, మర్నాటికి ఎండిపోయే నేల చూస్తూ పెరిగిన పిల్లవాడు. ముద్దేనహళ్లిలో ఆయన స్మారకం ఉంది. చూసి రండి.

మనం అనుకుంటాం, తెలుగువాళ్లం ఐటీ ఉద్యోగాల కోసం బెంగళూరుకి వచ్చామని. అయ్యా, బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు తాలూకాల్లో ఊళ్లకు ఊళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. బళ్లో కన్నడ, ఇంట్లో తెలుగు. చింతామణి తాలూకాలోని కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడారు, ఈనాటికీ భజనల్లో పాడుతున్నారు. నంది సంతలో నిలబడి "ఏం స్వామీ, ఏ ఊరినుంచి వస్తిరి?" అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి. వాళ్లు మీకోసం నేర్చుకున్న తెలుగు కాదది. అక్కడిదే.

ఇక చివరి విషయం. ఇది చెప్పాలనే వచ్చాను నేను.

ఆరు నదులు పుట్టే చోట నీళ్లుండాలి కదా? లేవు. ఏడాదికి వాన ఏడెనిమిది వందల మిల్లీమీటర్లు. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. పాతవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చెరువులు తవ్వారు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి, అది నిండితే ఇంకా కిందికి. ప్రతి చెరువుకీ కట్ట, తూము, తూము తెరిచే నీరుగంటి మనిషి. ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీరు అన్నది ఆ మనిషి చేతిలో ఉండేది. పాత కోలారు జిల్లాలో ఇలాంటి చెరువులు వేలల్లో ఉండేవి.

బోర్లు వచ్చాయి. బోరు ఉన్నవాడికి చెరువుతో పని లేదు. చెరువుతో పని లేకపోతే పూడిక ఎవరు తీస్తారు? కాలువ ఎవరు బాగుచేస్తారు? కొండవాలు మీద క్వారీలు వచ్చాయి, వాగులు దారి తప్పాయి. పొలాల్లో, గుట్టల మీద నీలగిరి చెట్లు, అదే నేలలో నీళ్లు తాగేసే యూకలిప్టస్, వేశారు. 2017లో ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడం నిషేధించింది గానీ, అప్పటికే వేళ్లు లోపలికి వెళ్లిపోయాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. అంత లోతు నుంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్. అయినా ఆ రైతులు ద్రాక్ష పండిస్తున్నారు, గులాబీలు పండిస్తున్నారు, బంగాళదుంప, మల్బరీ పండిస్తున్నారు. మనం తినే నల్ల ద్రాక్ష, బెంగళూరు బ్లూ అంటాం చూడండి, అది చాలావరకు ఆ నేలదే. ఆ గుత్తిలో వెయ్యి అడుగుల లోతు నీరు ఉంది.

ఇప్పుడేం జరుగుతోందో తెలుసా? బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, హెబ్బాళ, నాగవార లోయ నుంచి గొట్టాల్లో చిక్కబళ్లాపురం చెరువులకు ఎత్తిపోస్తున్నారు. కోలారుకి కోరమంగల లోయ నుంచి. అంటే మనం స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు. చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి అని సంతోషించిన రైతులున్నారు, వాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. ఆ శుద్ధి ఇంకో దశ జరగాలి, మూడో దశ, అది లేకుండా భూగర్భంలోకి పంపకండి అని పోరాడుతున్నవాళ్లూ అక్కడివాళ్లే. నేను వాళ్ల పక్షం. 1890ల్లో హెసరఘట్ట నుంచి అర్కావతి నీళ్లు గొట్టాల్లో ఈ నగరానికి తెచ్చుకున్నాం. నంది నీళ్లు మంచివి తాగాం. తిరిగి పంపేటప్పుడు పూర్తిగా బాగుచేసి పంపమని అడగడం ఏమంత పెద్ద కోరిక? పడమటి కనుమల నుంచి ఎత్తినహొళె అనే ఏటి నీళ్లు తెస్తామని మరో పథకం ఉంది. 2024 సెప్టెంబరులో మొదటి దశ ప్రారంభించారు. ఆ నీళ్ల కోసం ఈ ఊళ్లు ఎదురుచూస్తున్నాయి.

నెల్లూరు, కడప, అనంతపురం నుంచి వచ్చినవాళ్లం మనం. పెన్నలో నీళ్లు రాలేదంటే పైవాళ్లు ఆపేశారంటాం. ఆ పైవాళ్లు ఎవరో, వాళ్ల చెరువు ఎలా ఉందో ఒక్కసారి చూడాలని నా కోరిక. అది ఇక్కడికి గంటన్నర దూరం.

ప్రశ్నలకి టైమ్ ఉందా? ఉంది అంటున్నారు. ముందు వరసలో బాబు చెయ్యెత్తాడు, అడుగమ్మా... రైల్లో వెళ్లొచ్చా అంటున్నాడు. వెళ్లొచ్చు నాన్నా. నంది హాల్ట్ అని స్టేషను ఉంది. ఒకప్పుడు అక్కడ చిన్న పట్టాల మీద, రెండున్నర అడుగుల వెడల్పు దారి మీద బండి నడిచేది. ఇప్పుడు పెద్ద లైను. పాత స్టేషను భవనాన్ని బాగుచేశారు, చూడ్డానికి బావుంటుంది. అక్కడ ఆగే బండి టైమ్ ముందే చూసుకోమని నాన్నగారికి చెప్పు.

అమ్మా, మీరు? గుడి ఎప్పుడు తీస్తారు అంటున్నారు. పొద్దున్నే వెళ్లండి, శనాదివారాలు కాకుండా చూసుకోండి. కొండ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందు అరుణాచలేశ్వరుడి దగ్గర మొదలుపెట్టి, భోగనందీశ్వరుడు, మధ్యలో మంటపం, ఆఖర్న కోనేరు. నల్ల స్తంభాల మీద చెయ్యి వెయ్యకండి, చెమటకి రాయి పాడవుతుంది. గుడి చూశాక ఊరి చెరువు కట్ట ఎటో అడిగి, అక్కడిదాకా నడవండి. ఎవరినైనా తెలుగులోనే అడగండి, చెబుతారు.